పరుపుల కొట్టు గచ్చు మీద వాలుగీత

కాలువ రోడ్డు వెడల్పు చేస్తున్నారని, తాతయ్య పరుపుల కొట్టు రెండు రోజుల్లో నేలమట్టం అయిపోతుందని మా తమ్ముడు ఫోను చేసినప్పుడు నేను రాజమండ్రిలో మా ఇంటి వాకిట్లో ఆవకాయ ముక్కలు తుడుచుకుంటున్నాను. తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, "గచ్చు పీకేశారా?" అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. "గచ్చేంటక్కా, ఇంకా పైకప్పు పెంకులే దింపుతున్నారు" అన్నాడు. అంతే, ముక్కల పళ్లెం పక్కింటావిడకి అప్పజెప్పి సామర్లకోట వైపు వెళ్లే బస్సెక్కేశాను. బస్సులో కూర్చున్నాక చూసుకుంటే కాళ్లకి రెండు రకాల చెప్పులున్నాయి. పోనీలే అనుకున్నాను. గచ్చు మీద ఉన్న గీత నా చెప్పులు చూస్తుందా ఏంటి.

నేను వెళ్లేసరికి పెంకులన్నీ దింపేశారు. తలుపుల్లేవు, దూలాలు మాత్రం మిగిలాయి. మేము ఎప్పుడూ చీకట్లో చూసిన కొట్టులో నిండా ఎండ పడుతోంది. గచ్చు మీద, ఒక మూల నుంచి మధ్యదాకా, ఇటుక ముక్కలు వరసగా పొదిగిన గీత అలాగే ఉంది. గోడకి సూటిగా లేదు, ఓరగా పోతుంది. పలుగు పట్టుకున్న కుర్రాడు దాన్ని చూసి, "ఇదేంటండీ, మేస్త్రీ మందు కొట్టి వేశాడా?" అన్నాడు. "మేస్త్రీ మా తాతయ్యేనండి. టీ తప్ప ఇంకోటి తాగి ఎరగడు. గీత తిన్నగానే ఉంది, వంకరది ఈ కొట్టు" అన్నాను. వాడు నన్నూ, నా చెప్పుల్నీ ఒకసారి చూసి, పలుగు భుజాన వేసుకుని పక్కకి జరిగాడు.

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు అరబీలో చదువుతాం. అమ్మా నాన్నా సైకిలు మీద దూది మూటలు వేసుకుని కోనసీమ ఊళ్లన్నీ తిరిగి, పెళ్లిళ్లవాళ్ల ఇళ్లలోనే ఉండి పరుపులు కుట్టి వచ్చేవారు. నేను తాతయ్య, మామ్మ దగ్గర పెరిగాను. ఐదో తరగతితో బడి మానేశాను. ఎవరూ మాన్పించలేదు. దూదేకే విల్లు మోత నాకు బడి గంటకన్నా బాగుండేది, అంతే. ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ కొట్టు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. బూరుగుదూదికి ఒక వాసన ఉంటుంది, ఎండిన కాయ పగిలినప్పుడు వచ్చే పొడి వాసన. దాని మీద కొత్త బట్ట గంజి వాసన, మామ్మ పొయ్యి మీద మరిగే అల్లం టీ వాసన, వెనక కాలువలోంచి వచ్చే నాచు వాసన. తాతయ్య తెల్లవారుజామున నమాజు అయ్యాక విల్లు అందుకునేవాడు. దాని నరం మీద చెక్క గుండుతో కొడితే టంయ్, టంయ్ అని మోగుతూ దూది ముద్ద విచ్చుకునేది, తెల్లగా, తేలిగ్గా పైకి లేచి తాతయ్య కనుబొమలన్నీ నింపేసేది. సాయంత్రానికి ఆయన్ని చూస్తే మంచులో నడిచొచ్చిన మనిషిలా ఉండేవాడు. గొంతులో దిగిన నుసి పోవాలని మా అందరికీ మామ్మ తలో బెల్లం ముక్క ఇచ్చేది. ఆ ముక్క చప్పరిస్తూ తాతయ్య ఆకాశం గురించి చెప్పడం మొదలుపెట్టేవాడు.

తాతయ్యకి చదువు లేదు. చిన్నప్పుడు ఒక పెద్దాయన దగ్గర విని కంఠతా పట్టిన అరబీ, దానికి ఆయన చెప్పిన అర్థం, అంతే ఆయన ఆస్తి. కానీ చెబుతుంటే లోకమంతా మా కొట్టులోనే తయారైనట్టుండేది. "ఆకాశం, భూమి మొదట్లో కలిపి కుట్టేసి ఉన్నాయే సైదా. ఆయన కుట్లు విప్పాడు, రెండూ విడిపోయాయి" అనేవాడు, చేతిలో ఉన్న దబ్బనంతో పాత పరుపు కుట్టు ఫట్టున తెంపి చూపిస్తూ. దబ్బనం అంటే పరుపు కుట్టే జానెడు సూది. "భూమిని పరుపులా పరిచాడు. పరుపుకి మధ్యమధ్య కుట్టు వెయ్యకపోతే ఏమవుతుంది? దూదంతా ఒక పక్కకి జరిగిపోతుంది. అందుకని కొండలు పెట్టాడు, మేకుల్లాగ. ఇది జరక్కుండా." ఆ తర్వాత గొంతు తగ్గించేవాడు. "ఆఖరి రోజున ఆ కొండలే ఏకిన ఉన్నిలా ఎగిరిపోతాయట. మన పని చూపించి చెప్పాడే పిల్లా, మన పని!" అప్పుడాయన మొహం వెలిగిపోయేది. ప్రపంచంలో ఇన్ని వృత్తులుండగా దేవుడు మా వృత్తినే ఎంచుకుని పోలిక చెప్పాడని ఆయనకి ఎంత గర్వమో.

వినడానికి రోజూ వచ్చే మనిషి ఒకరున్నారు. మా ఎదురింట్లో ఉండే లెక్కల మాస్టారు, కామేశ్వరరావుగారు. బడి నుంచి వస్తూ వస్తూ కొట్టులోకి దూరి, కుట్టి పెట్టిన పరుపు మీద కూర్చునేవారు. "లేవండి మాస్టారూ, అది పెళ్లివారిది" అని మామ్మ అరిచేది. "మెత్తగా ఉందో లేదో చూస్తున్నానండి మామ్మగారూ, పెళ్లివారికి మీ మీద మాట రాకూడదు కదా" అనేవారాయన. ఆయనకి తాతయ్యతో వాదం పెట్టుకోకపోతే టీ దిగేది కాదు.

"సాయిబుగారూ, సైన్సు కూడా మొదట్లో అంతా ఒకటే ముద్దగా ఉండేదంటోందండి. ఆ ముద్ద విచ్చుకుంటూ పోతోంది, ఇదిగో మీ దూదిలాగే. నక్షత్రాల గుంపుల ఫొటోలు చూశాను, అచ్చం మీరు ఏకిన పింజలే" అన్నారొక రోజు. తాతయ్య విల్లు పక్కన పెట్టేసి, "చూశావా! చూశావా! మాదాంట్లో ముందే ఉంది" అని మామ్మని పిలిచాడు. మాస్టారు వెంటనే చెయ్యి ఎత్తారు. "ఆగండాగండి. రెండూ ఒకటేనని నేను అనలేదు. సైన్సు ఇవాళ ఒకటి చెబుతుంది, రేపు కొత్త దుర్భిణీ వస్తే మాట మార్చుకుంటుంది. అది మార్చుకుంటే మీరు మీ గ్రంథం మార్చుకుంటారా?" తాతయ్య ఆలోచించాడు. "మార్చం" అన్నాడు. "మరి రెంటినీ ఒకే తాడుకి కట్టకండి. కొండలు మేకులన్నారు, బాగుంది, మీ పరుపు పోలిక ఇంకా బాగుంది. కానీ సైన్సు లెక్కలో కొండలు నేలని పట్టి ఉంచడం లేదండి. నేల పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే మడతపడి లేచాయి. మీ పరుపుని రెండు పక్కలా నెడితే మధ్యలో లేస్తుందే, అలాగ." తాతయ్య వెంటనే పరుపుని రెండు పక్కలా నెట్టి చూశాడు. లేచింది. "అది నిజవే" అన్నాడు. ఆయనలో నాకు నచ్చేది అదే. ఎదుటివాడి మాట తన చేత్తో చేసి చూసి మరీ ఒప్పుకునేవాడు.

సూర్యుడి దగ్గర మాత్రం ఇద్దరికీ పడేది కాదు. సూర్యుడు రోజూ సాయంత్రం దిగిపోయి ప్రభువు సింహాసనం కింద సాష్టాంగపడతాడని, లేవడానికి అనుమతి అడుగుతాడని తాతయ్య విని ఉన్నాడు. "ఆయన ఎక్కడికీ పోడండి, తిరిగేది మనం" అని మాస్టారు బెల్లం ముక్కని సూర్యుడిగా పెట్టి, టీగ్లాసుని భూమిలా తిప్పి చూపించారు. "మరి సాష్టాంగం ఎప్పుడు పడతాడు?" అని తాతయ్య. నేను దూదిలో గింజలు ఏరుతూ, "మనకి దిగినప్పుడు ఇంకెక్కడో ఉదయిస్తాడు కదా మాస్టారూ? అంటే ఎక్కడో ఒకచోట ఎప్పుడూ దిగుతూనే ఉంటాడు. అంటే ఎప్పుడూ సాష్టాంగంలోనే ఉంటాడు" అన్నాను. ఇద్దరూ నాకేసి తిరిగారు. తాతయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "దీన్ని ఐదో తరగతితో ఆపేశారా సాయిబుగారూ!" అన్నారు.

ఆ మర్నాటి నుంచే ఆయన నాకు ఏదో ఒకటి చూపించడం మొదలుపెట్టారు. ఒక రోజు భూగోళం, ఒక రోజు భూతద్దం. ఒక రోజు బడిలోంచి దిక్సూచి తెచ్చి, "ఒక్కరోజు ఉంచుకో" అని నా చేతిలో పెట్టారు. ఎంత తిప్పినా ముల్లు మళ్లీ ఒక్కచోటికే వచ్చి నిలబడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఇల్లంతా తిరిగాను, పొయ్యి దగ్గర, నూతి దగ్గర, కాలువ గట్టు మీద. చివరికి కొట్టులోకి తెచ్చి పడమటి గోడ ముందు పెట్టాను. అక్కడే కొంప మునిగింది.

ఆ గోడ మామూలు గోడ కాదు. మా వీధిలో పదకొండు ఇళ్లు మావాళ్లవి. మసీదు లేదు. శుక్రవారం నాడు మగవాళ్లంతా మా కొట్టులోనే దూది మూటలు పక్కకి నెట్టి, ఆ గోడకేసి తిరిగి నమాజు చదివేవారు. ముందు తాతయ్య నిలబడేవాడు. ఆడవాళ్లలో మామ్మ ఒక్కతే కొట్టులో చదివేది, వెనక మూల మూటల చాటున, కిటికీకి ఎదురుగా చాప వేసుకుని. తాతయ్య పెళ్లయిన కొత్తలో తన చేతులతో కట్టిన గోడ అది, మక్కా వైపు అని చెప్పి మరీ కట్టాడు. ఆ ఏడాదే వీధి చివర చిన్న మసీదుకి స్థలం దొరికింది. వేసవి చివర్లో శంకుస్థాపన. దానికి కొలత మా కొట్టు గోడే. దానికి సమాంతరంగా దారం లాగి పునాది తవ్వుదామని పెద్దలంతా అనుకున్నారు. ఆ దారం తన చేత్తో పట్టుకోవాలని తాతయ్య కొత్త లుంగీ కూడా కొనుక్కున్నాడు.

దిక్సూచి ముల్లేమో ఆ గోడ పడమట లేదంటోంది. బాగా వాయవ్యానికి తిరిగి ఉందంటోంది. నేను నోరు మూసుకుని ఉంటే పోయేది. "తాతయ్యా, మన గోడ తప్పుగా ఉంది!" అని వీధి వినేలా అరిచాను.

ఆయన విల్లు కింద పెట్టి వచ్చి చూశాడు. దిక్సూచిని ఒకటి రెండుసార్లు తిప్పి, "కొట్టు నిండా దబ్బనాలు, కత్తెరలు, ఇనప తూకాలు. ముల్లు ఇనుముకేసి పోదూ? దీని మాటేం నమ్ముతాం" అన్నాడు. ఆ మాట నిజమే, మాస్టారు కూడా కాదనలేకపోయారు. కానీ ఆయన బయటికెళ్లి కాలువకేసి చూసి, నెమ్మదిగా, "గోడ కట్టినప్పుడు దిక్కు దేన్ని బట్టి పట్టారండి?" అని అడిగారు. "కాలువని బట్టి. కాలువ పారేవైపు ఉత్తరం కదండీ" అన్నాడు తాతయ్య. మా ఊళ్లో ఎవర్నడిగినా అంతే చెబుతారు. ఇళ్లన్నీ కాలువకి సూటిగా కట్టుకున్నాం. ఉత్తరపు వీధి, తూర్పు వీధి అన్నీ కాలువ లెక్కే. మాస్టారు తల వంచుకుని, "ఈ కాలువ సామర్లకోట వైపు పోతోందండి. సామర్లకోట మనకి ఉత్తరాన లేదు, ఈశాన్యాన ఉంది" అన్నారు. పైగా తాతయ్య గోడ కట్టింది వేసవిలో. అప్పుడు సూర్యుడు ఇంచుమించు ఆ గోడ వెనకాలే దిగాడట. అందుకే అనుమానం రాలేదు.

మాస్టారి భార్య కామాక్షమ్మగారికి విషయం తెలిసింది. ఆవిడకి ఎక్కడ ఏం మాట్లాడాలో చూసుకునే అలవాటు లేదు. మాస్టారు పటం పరిచి గోడ చూపు ఎటు పోతుందో స్కేలు పెట్టి గీస్తుంటే వంగి చూసి, "అయ్యో మామ్మగారూ! ఇది భద్రాచలం పోతోందండీ! ఇన్నాళ్లూ మీరు మా రాములవారికేసి తిరిగారా?" అంది. మాస్టారు "కామాక్షీ!" అని కసిరారు. మామ్మకి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, కళ్లంట నీళ్లు కారేదాకా నవ్వింది. "పోనీలెండి, ఆయనేం పరాయివాడు కాదు, మీ దరఖాస్తులన్నీ ముందుకి పంపించే ఉంటాడు" అని కామాక్షమ్మగారు అనేసరికి మామ్మ గోడ పట్టుకుని కూలబడిపోయింది. తాతయ్య మాత్రం నవ్వలేదు. ఆ రోజు బెల్లం ముక్క కూడా ముట్టలేదు.

తర్వాత నాలుగైదు రోజులు ఆయన విల్లు పట్టలేదు. దూది అలాగే ముద్దలుగా పడి ఉంది. నేను పక్కన కూర్చుంటే, "నేను తప్పు చదివితే నేను పడతాను సైదా. నా వెనక పదకొండు ఇళ్లవాళ్లు నిలబడ్డారు. అది కూడా పోనీ. అదిగో, ఆ పిచ్చిది, నలభై ఏళ్లు నా మాట నమ్మి రోజుకి ఐదుసార్లు ఆ గోడకేసి తల వంచింది. రేపు పైన అడిగితే దానికి నేనేం చెప్పను?" అన్నాడు. దిక్సూచిని కాలువలో పారేద్దామనుకున్నాను. మాస్టారి వస్తువు కాబట్టి ఊరుకున్నాను.

ఆ శుక్రవారం రాజమండ్రి నుంచి హజ్రత్తుగారు వచ్చారు, మా పిల్లలకి అరబీ చెప్పే పెద్దాయన. తాతయ్య అంతా చెప్పుకుని తల దించుకున్నాడు. హజ్రత్తుగారు ఆయన భుజం తట్టి, "తెలియక, మంచి మనసుతో చదివినవి ఎక్కడికీ పోవు మియా. తూర్పూ ఆయనదే, పడమరా ఆయనదే" అన్నారు. "అది ఆయన దయండి. నా తప్పు నా తప్పే. మరి మసీదు పునాదో?" అన్నాడు తాతయ్య. హజ్రత్తుగారు గడ్డం నిమురుకుని ఒక మాట చెప్పారు. వెనకటి పండితులు కనిపెట్టి పెట్టారట, ఏడాదికి రెండుసార్లు మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా మక్కాలోని కాబా నెత్తి మీదకి వస్తాడట. ఆ క్షణాన ఏ ఊళ్లో ఉన్నా సరే, ఎండలో నిటారుగా ఒక కర్ర పాతితే దాని నీడకి ఎదురు దిక్కే మక్కా. "ఈ నెలలోనే ఒక రోజు ఉంది" అన్నారు.

మాస్టారు పరుపు మీంచి ఎగిరి లేచారు. నిజంగానే లేచారు, చెప్పు ఒకటి జారిపోయింది. "అవునండీ! ఎందుకు రాలేదు నా బుర్రకి! ఆ ఊరి అక్షాంశం, ఆ రోజు సూర్యుడుండే చోటూ ఒకటే అవుతాయి!" అని, సుద్దతో గచ్చు మీదే లెక్క మొదలెట్టారు. ఒక్కొక్క రేఖాంశానికి నాలుగు నిమిషాలు. అక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి మనకి రెండూ నలభై ఎనిమిది. రోజు హజ్రత్తుగారు చెప్పారు, గంట మాస్టారు చెప్పారు. ఇద్దరూ గచ్చు మీద గొంతుక్కూర్చుని ఒకే సుద్దముక్కని అందుకుంటూ అంకెలు సరిచూసుకుంటుంటే నాకు పండగలా ఉంది. అంత సంతోషంలోనూ తాతయ్య ముఖం చూస్తే భయమేసింది. లెక్క తేలిందంటే గోడ తేలుతుంది. గోడ తేలితే నలభై ఏళ్లు తేలిపోతాయి.

ఆ రోజు ఉదయమే తాతయ్య నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. గోడ ముందు గచ్చు మీద ఎండ పడాలి కదా, తన చేత్తో పేర్చిన పెంకులు తనే ఒక్కొక్కటీ దింపాడు. వద్దన్నా వినలేదు. దూలానికి పరుపులు కుట్టే దారం కట్టి, చివర దబ్బనం వేలాడదీశాడు. కాలువ గాలికి అది ఊగుతోంది, నీడా ఊగుతోంది. "బరువు చాలదు" అని మామ్మ కొట్టు తాళంకప్ప తెచ్చి కట్టింది. అయినా ఊగింది. మాస్టారు నీళ్ల బకెట్టు తెప్పించి తాళంకప్పని నీళ్లలో మునిగేలా పెట్టించారు. అప్పుడు దారం నిలిచింది. పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చేశారు, కామాక్షమ్మగారు మజ్జిగ బిందెతో వచ్చింది. మాస్టారి గడియారం మధ్యాహ్నం వార్తలప్పుడు రేడియో కూతలకి సరిపెట్టింది. హజ్రత్తుగారి గడియారం దానికి రెండు నిమిషాలు ముందుంది. "నాదే సరి" అని ఆయన, "నాది రేడియోదండి" అని ఈయన. చివరికి మాస్టారే, "రెండు నిమిషాలకి నీడ వేలెడు కూడా జరగదు, గొడవెందుకు, ఇద్దరం ఒకేసారి కేకేద్దాం" అన్నారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎవరూ నీడకి పోలేదు. ఒక్క నీడ కోసమే అందరం చూస్తున్నాం.

"ఇప్పుడు!" అన్నారిద్దరూ. సన్నటి నల్ల గీత గచ్చు మీద పడి ఉంది. తాతయ్య మోకాళ్ల మీద కూర్చుని, బట్ట మీద గుర్తులు పెట్టే నీలి సుద్దతో ఆ నీడ పొడుగునా గీశాడు. లేచి చూశాడు. గోడ చూపుకీ గీతకీ మధ్య చాప పొడుగు పోయేసరికి రెండు జానల తేడా ఉంది. తాతయ్య నెమ్మదిగా వెనక్కి తిరిగి మామ్మని చూశాడు. "హుస్సేనమ్మా, నన్ను క్షమించు. నలభై ఏళ్లు నీ చేత తప్పు చదివించాను" అన్నాడు. మీసం మీద దూది నుసి, కళ్లలో నీళ్లు. ఎవరి దగ్గరా తగ్గని మనిషి, అందరి ముందూ.

మామ్మ కొంగు బిగించింది. వెనక మూలకి వెళ్లి దూది మూటలు రెండు పక్కకి లాగింది. తన ఈతచాప ఎత్తింది. దాని కింద గచ్చు, నలభై ఏళ్లు చాప రాసుకుని నున్నగా, తెల్లగా అరిగిపోయి ఉంది. ఆ అరిగిన ముక్క గోడకి సూటిగా లేదు. ఓరగా ఉంది, బాగా ఎడమకి తిరిగి ఉంది. తాతయ్య దాన్నీ, సుద్దగీతనీ మార్చి మార్చి చూశాడు. మామ్మ కూడా చాపని గీత వైపుకి తిప్పి పరిచి, దాని చివరకీ పాత జాడకీ మధ్య జాన పెట్టి కొలుచుకుని, "అయ్యో, నేనూ జానెడు తప్పానే. కాస్త ఎక్కువే తిరిగాను" అంది.

"ఏంటే ఇది?" అన్నాడు తాతయ్య.

"ఏముందండి. సాయంత్రం నమాజుకి కూర్చునేటప్పుడు ఆ కిటికీలోంచి సూర్యుడు దిగడం కనబడుతుందిగా. వేసంగిలో రైలు సిగ్నలు దగ్గర దిగేవాడు. చలికాలం వచ్చేసరికి రైసుమిల్లు గొట్టం దాకా ఎడమకి పోయేవాడు. ఏడాదికోసారి అటూ ఇటూ తిరిగేవాడే గానీ, ఆ రెంటికీ అవతలకి ఎప్పుడూ పోలేదు. అందుకని రెంటికీ మధ్యనున్న తాడిచెట్టు పట్టుకున్నాను. పడమర అంటే అదే అయ్యుంటుందిలే అని దానికేసి చదువుకున్నాను."

మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "మామ్మగారూ! ఏడాది పొడుగునా సూర్యుణ్ణి కనిపెట్టి మధ్య పట్టుకున్నారా! అసలు పడమర అదేనండి! మక్కా దానికి కాస్త కుడిపక్క ఉంది, ఆ జానెడు తేడా అదే! వెనకటివాళ్లు దిక్కులు పట్టింది ఇలాగేనండి!" అని అరుస్తున్నారు. కామాక్షమ్మగారు, "అయితే మా భద్రాచలం రాలేదన్నమాట" అని నిట్టూర్చింది. అందరూ ఘొల్లుమన్నారు, హజ్రత్తుగారు కూడా.

తాతయ్య ఒక్కడే నవ్వలేదు. "ఎన్నాళ్లయింది తెలిసి?" "పెళ్లయిన రెండో చలికాలం." "మరి నాతో చెప్పొద్దూ?" "గోడ నన్నడిగి కట్టారా?" అంది మామ్మ. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల సందులో, ఆయనకి మాత్రమే వినబడేలా ఇంకో మాట అంది, పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది. "మీరు ముందు నిలబడుతున్నారు. వెనక అంతమంది ఉన్నారు. గోడ వంకరని నేనంటే మీరు మళ్లీ ముందు నిలబడేవారా? మీరు నిలబడకపోతే ఈ వీధిలో నమాజు ఎవరు చదివించేవారు? ఆయనకి దిక్కు తెలుసు, మనకి తెలియకపోయినా. అందుకని ఊరుకున్నాను."

మర్నాడు తాతయ్య సుద్దగీత పొడుగునా గచ్చు తవ్వి ఇటుక ముక్కలు పొదిగాడు. శంకుస్థాపన నాడు పెద్దలు దారం చివర ఆయన చేతికిస్తే, కొత్త లుంగీ కట్టుకుని నిలబడ్డ మనిషి దాన్ని తీసుకెళ్లి మామ్మ చేతిలో పెట్టాడు. ఆడమనిషేంటని ఒకరిద్దరు గొణిగారు. "దారం పట్టడానికి చూపు ఉన్నవాళ్లు కావాలి" అన్నాడు. మసీదు ఇప్పటికీ రోడ్డుకి ఓరగానే ఉంటుంది. ఆటోవాళ్లు మలుపు దగ్గర తిట్టుకుంటూ తిప్పుతారు.

తాతయ్య లేడు, మామ్మ లేదు, మాస్టారు కూడా వెళ్లిపోయారు. ఆయన పట్టుబట్టి చదివించిన తెలుగు పుస్తకాల పుణ్యమే ఈ నాలుగు ముక్కలూ రాయగలగడం. ఇప్పుడు మా మనవలు ఫోను తీస్తే బాణం తిరిగి మక్కా చూపిస్తుంది. మంచిదే. అదే ఫోనులో రోజుకో వీడియో వస్తుంది, సైన్సు చెప్పిందంతా మా గ్రంథంలో ముందే ఉందని ఒకరు, అందులో ఏమీ లేదని ఒకరు. ఇద్దరికీ టీ ఇచ్చేవాళ్లెవరూ ఉన్నట్టు లేరు. పరుపుని రెండు పక్కలా నెట్టి, లేచింది, నిజవే అనేవాళ్లు అసలే లేరు.

ఆ పలుగు కుర్రాణ్ణి ఒక అరగంట ఆగమన్నాను. రోజు సరిగ్గా అదే కాదు, రెండు రోజులు అటో ఇటో. మాస్టారుంటే ఆ మాత్రానికి నీడ ఏమంత జరగదు, కానివ్వమనేవారు. చేతిసంచీలో ఎప్పుడూ సూదీ దారం ఉంటాయి, మా రక్తంలోనే ఉంది. తమ్ముడు తాళంకప్ప, బకెట్టు నీళ్లు తెచ్చాడు. పెంకులు లేని కప్పు కింద, అదే దూలానికి దారం కట్టాను. రెండూ నలభై ఎనిమిది అయ్యేసరికి నీడ జరిగి జరిగి తాతయ్య ఇటుకల మీద కూర్చుంది. "అబ్బో!" అని కుర్రాడు పలుగు కింద పెట్టేశాడు. "ఇది ఎవరు కనిపెట్టారండీ?"

మూల నుంచి దుమ్ము తుడిచాను. గచ్చు ఇంకా నున్నగానే ఉంది, గీత చూపుకి జానెడు ఎడమకి తిరిగి. పక్కింటావిడ దగ్గర నా ఆవకాయ ముక్కలు ఎండిపోతుంటాయని తెలిసీ, రెండు రకాల చెప్పులూ బయట విడిచి, ఆ అరిగిన చోట నిలబడ్డాను. పాదాలు అందులో సరిగ్గా పట్టాయి. కిటికీ ఉండే చోట ఇప్పుడు చట్రం కూడా లేదు, గోడలో కంత మిగిలింది. రైసుమిల్లు గొట్టం లేదు, సిగ్నలు స్తంభం మార్చేశారు. తాడిచెట్టు ఉంది. కుర్రాడికి ఆ జాడ చూపించి, "ఆవిడ, మా మామ్మ" అని చెప్పి, గీత పడ్డాక మామ్మ తిరిగినట్టే జానెడు కుడికి తిరిగాను.